చిన్న వ్యాపారానికి వాట్సాప్ బిజినెస్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్: వాడకంలో తేలిన మంచిచెడ్డలు

చిన్న వ్యాపారానికి సామాజిక మాధ్యమాలు ఎంతవరకు పనికొస్తాయని అడిగితే సాధారణంగా రెండు రకాల జవాబులు వస్తాయి. అవి లేకపోతే ఈ రోజుల్లో వ్యాపారమే సాగదని కొందరంటారు. అదంతా వృథా కాలక్షేపమని మరికొందరు కొట్టిపారేస్తారు. పాత పుస్తకాలకు మళ్లీ బైండింగ్ చేసి, చేతికుట్టుతో నోటుపుస్తకాలు తయారుచేసే ఒక చిన్న వర్క్‌షాప్ కోసం వీటిని చాలాకాలంగా వాడుతున్న అనుభవంతో చూస్తే, ఈ రెండు వర్గాలవారూ వీటిని గోడమీద పోస్టరు అంటించే చోటుగానే భావిస్తున్నారనిపిస్తుంది. ముక్కూమొహం తెలియని కొత్తవారిని పైసా ఖర్చు లేకుండా తెచ్చిపెట్టే శక్తి ఈ సైట్లకు ఏనాడో సన్నగిల్లింది. అయితే మన పని గురించి ఎక్కడో విన్న మనిషి తన సందేహాన్ని మొహమాటం లేకుండా అడగడానికి, మనం దానికి వివరంగా జవాబివ్వడానికి, ఇంత తక్కువ ఖర్చులో ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలిసి మరొకటి లేదు. అందుకే ఇక్కడ ప్రతి సైటునూ ఒకే గీటురాయి మీద పెట్టి చూస్తున్నాను: దాని ద్వారా వచ్చే వాకబులలో నిజంగా పని చేయించుకోదలచినవి ఎన్ని ఉంటాయి, వాటికి జవాబివ్వడం ఎంత సులువుగా ఉంటుంది అన్నదే ఆ గీటురాయి.

ఆ లెక్కన అన్నిటికంటే ముందు నిలిచేది వాట్సాప్ బిజినెస్. 2018 జనవరిలో వచ్చిన ఈ యాప్ చూడడానికి మామూలు వాట్సాప్‌లాగే ఉంటుంది, ఉచితంగానే దొరుకుతుంది, కానీ వ్యాపారికి కావలసిన వసతులు కొన్ని ఇందులో అదనంగా ఉంటాయి. చిరునామా, పనివేళలు, వెబ్‌సైటు వంటి వివరాలు ప్రొఫైల్‌లోనే పెట్టుకోవచ్చు. మొదటిసారి మెసేజ్ పంపినవారికి ఒక పలకరింపు, పనివేళలు ముగిశాక పంపినవారికి మర్నాడు జవాబిస్తామన్న మాట, మనం ఫోన్ ముట్టుకోకుండానే వెళ్లేలా ఏర్పాటు చేసుకోవచ్చు. నమోదుకు మొబైల్ నంబరే కావాలన్న నియమం లేదు. ల్యాండ్‌లైన్‌కు వచ్చే కాల్ ద్వారా కూడా నమోదు పూర్తిచేయవచ్చు కాబట్టి, సొంత నంబరును అందరికీ పంచడం ఇష్టంలేనివారికి ఇది చక్కని మార్గం. 2019 నవంబరులో చేర్చిన క్యాటలాగ్‌లో ఒక్కో వస్తువుకు ఫొటోలు, ధర, వివరణ పెట్టుకుంటే, ‘మీ దగ్గర ఏమేం ఉన్నాయండీ?’ అని అడిగిన ప్రతివారికీ గుట్టలుగా ఫొటోలు పంపే శ్రమ తప్పుతుంది. ఒక్క లింకు పంపితే వారే తీరిగ్గా చూసుకుంటారు.

రోజువారీ పనిలో నాకు అత్యంత విలువైనవిగా తోచినవి మాత్రం క్విక్ రిప్లైలు, లేబుళ్లు. పదేపదే చెప్పవలసిన జవాబులను యాభై వరకు ముందే రాసి దాచుకునే వీలుంది. ఒక ఏటవాలు గీత (/), దాని వెంట చిన్న మాట టైపు చేయగానే పూర్తి జవాబు సిద్ధమవుతుంది, పంపేముందు అవతలి మనిషికి తగినట్టు దాన్ని సవరించుకోవచ్చు. ఆ సవరణ చేయని జవాబు యంత్రం పంపినట్టే ఉంటుంది, అడిగినవారికి అది ఇట్టే తెలిసిపోతుంది. ఇక కొత్త కస్టమరు, డబ్బు రావలసినది, ఆర్డరు పూర్తయినది వంటి, ఒక్కో సంభాషణకు తగిలించుకునే లేబుళ్లు రంగులతో సహా ముందే ఉంటాయి. వాటికి తోడుగా ‘కాగితం కోసం ఆగినది’, ‘అట్ట రంగు ఇంకా చెప్పలేదు’ వంటి మా పనికి తగిన లేబుళ్లను మేము చేర్చుకున్నాం. ఉదయం పని మొదలుపెట్టే ముందు ఒక్కో లేబుల్ తెరిచి చూస్తే ఎవరి పని ఎక్కడ ఆగిందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇంతకుముందు ఇదంతా చీటీల మీద, జ్ఞాపకం మీద నడిచేది.

ఒక సంభాషణ ఎలా సాగుతుందో చెబితే ఈ యాప్ విలువ ఇంకా స్పష్టమవుతుంది. ఒకరు రాత్రిపూట ఒక నిఘంటువు ఫొటో పంపి, ‘అండీ, వెన్ను పూర్తిగా ఊడిపోయింది, కాగితాలు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి, మళ్లీ కుట్టడానికి వీలవుతుందా?’ అని అడుగుతారు. ఫొటో పైనుంచి తీసినది కాబట్టి దాన్ని చూసి ఏమీ చెప్పలేం. ‘లోపలి మార్జిన్ ఎంతుందో తెలిస్తే చెప్పగలమండీ. పుస్తకాన్ని మధ్యకు తెరిచి, మడత దగ్గర స్కేలు పెట్టి ఇంకొక ఫొటో పంపగలరా?’ అని అడుగుతాం. రెండో ఫొటో రాగానే సంగతి తేలిపోతుంది: మార్జిన్ సరిపడా ఉంటే పక్కనుంచి కుట్టవచ్చు, లేకపోతే కుట్టు అక్షరాల మీదకు వచ్చేస్తుంది కాబట్టి జిగురుతో అతికించక తప్పదు. ఆ మాట ఉన్నదున్నట్టు చెబితే, దూరం నుంచి పుస్తకం మోసుకొచ్చి నిరాశపడే పని వారికి ఉండదు, వచ్చినవారితో వాదించే పని మాకు ఉండదు. పెద్ద ప్రకటనలో ఎన్ని మాటలు రాసినా కలగని నమ్మకం ఈ రెండు ఫొటోల మధ్య కలుగుతుంది. కుట్టుపనివారికైనా, గడియారాలు బాగుచేసేవారికైనా, సంగీత పాఠాలు చెప్పేవారికైనా ఇదే సూత్రం వర్తిస్తుందని నా నమ్మకం.

ఈ యాప్‌కున్న పెద్ద పరిమితి, మనల్ని అసలే ఎరుగనివారిని అది దాదాపుగా తీసుకురాదు. దాని లింకునో, క్యూఆర్ కోడ్‌నో బిల్లు మీద, వస్తువు వెంట ఇచ్చే కాగితం మీద, ఇతర సైట్లలోని ప్రొఫైళ్లలో మనమే పెట్టాలి. ఒకే సందేశాన్ని ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది వరకే చేర్చగలం, అందులోనూ మన నంబరును తమ ఫోన్‌లో భద్రపరచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. దీన్ని చాలామంది వ్యాపారులు లోపంగా చెబుతారు కానీ, నాకది ఈ యాప్‌లోని మంచి నియమాలలో ఒకటిగా కనిపిస్తుంది. నంబరు దాచుకోవడమంటే ఒక రకంగా అనుమతి ఇవ్వడమే. అనుమతి లేనిచోట పండగ శుభాకాంక్షలూ, తగ్గింపు ధరలూ కుమ్మరిస్తే జనం నంబరును బ్లాక్ చేస్తారు, ఫిర్యాదు చేస్తారు. ఫిర్యాదులు పెరిగితే ఖాతాయే పోవచ్చు. కొత్త నోటుపుస్తకాలు వచ్చినప్పుడు బ్రాడ్‌కాస్ట్ కంటే స్టేటస్‌లో పెట్టడమే మాకు బాగా కుదిరింది. ఇరవైనాలుగు గంటలు ఉంటుంది, చూడాలనుకున్నవారు చూస్తారు, ఆసక్తి ఉన్నవారు అక్కడినుంచే ప్రశ్న అడుగుతారు.

కొత్తవారి కళ్లలో పడడానికి ఇన్‌స్టాగ్రామ్ కొంత మెరుగు, అయితే దానికి చెల్లించవలసిన మూల్యం శ్రమ రూపంలో ఉంటుంది. 2010 అక్టోబరులో ఫొటోల యాప్‌గా మొదలైన దీన్ని 2012లో ఫేస్‌బుక్ కొనుగోలు చేసింది. 2016లో వ్యాపార ప్రొఫైళ్లు వచ్చాయి. ఖాతాను వ్యాపార ప్రొఫైల్‌గా మార్చడానికి రుసుము లేదు, మార్చిన వెంటనే ఏ పోస్టు ఎంతమందికి చేరింది, ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది మరొకరికి పంపారు అన్న వివరాలు తెలుస్తాయి. 2020లో రీల్స్ అనే చిన్న వీడియోలు వచ్చాక మాత్రం ఈ యాప్ స్వభావమే మారింది. మరుసటి ఏడాది దాని అధిపతి ఆడమ్ మొస్సేరి తమది ఇక కేవలం ఫొటోలు పంచుకునే యాప్ కాదని బహిరంగంగానే ప్రకటించారు. వీడియోల జోరు, అనుసరించనివారి పోస్టుల సిఫారసులు మరీ ఎక్కువయ్యాయని 2022లో వాడుకరులు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో కొంత వెనక్కి తగ్గారు. వీటన్నిటి అర్థం చిన్న వ్యాపారికి ఒక్కటే: ఓపికగా వెలుతురు చూసి తీసిన అందమైన ఫొటో ఒకప్పుడు చేరినంతమందికి ఇప్పుడు చేరదు, కదిలే బొమ్మ ఉండితీరాలి.

అదృష్టవశాత్తూ చేతిపనివారి దగ్గర కదిలే బొమ్మకు కొదవ ఉండదు. ‘మీ నోటుపుస్తకం పూర్తిగా తెరుచుకుంటుందా, లేక రాసేటప్పుడు చేత్తో అదిమి పట్టుకోవాలా?’ అన్న ప్రశ్న మాకు తరచుగా వస్తుంది. దానికి జవాబుగా, మైనం పట్టించిన దారంతో ఫారాలను (మడిచిన కాగితాల కట్టలను) ఒకదాని మీద ఒకటి కుట్టడం, చివరి ముడి బిగించడం, తరువాత పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు తెరిచి బల్లమీద వదిలేయడం, అది తనంతట తాను పరుచుకుని కదలకుండా ఉండడం, ఇంతే చూపించే చిన్న వీడియో పెట్టాం. సంగీతం లేదు, తెరమీద పెద్ద అక్షరాలు లేవు, దారం కాగితంలోంచి జారే చప్పుడు మాత్రం ఉంది. ఎంతో శ్రద్ధగా అలంకరించి పెట్టిన ఫొటోలకంటే దీన్నే జనం ఎక్కువగా స్నేహితులకు పంపుకున్నారు. వీడియోను ఎంతసేపు చూశారు, ఎంతమంది ఇష్టపడ్డారు, ఎంతమంది ఇతరులకు పంపారు అన్నవే పోస్టుల వ్యాప్తిని నిర్ణయించే ప్రధానాంశాలని మొస్సేరి చెప్పిన మాటకు ఇది సరిపోతుంది. కొనేవారి మనసులో ఉన్న సందేహం తీర్చే వీడియోను ఎవరైనా తమలాంటి సందేహమే ఉన్న ఇంకొకరికి పంపుతారు. ఊరికే ట్రెండ్‌లో ఉన్న పాటకు నోటుపుస్తకాలను తిప్పి చూపించే వీడియోను పంపవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

ఫాలోయర్ల సంఖ్య గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది చిన్న వ్యాపారుల ఉత్సాహం ఆవిరైపోయేది అక్కడే. ఫలానా మొత్తానికి ఇన్ని వేలమంది ఫాలోయర్లను చేరుస్తామని చెప్పే సంస్థలు కొల్లలుగా ఉన్నాయి, వారి దగ్గరికి దయచేసి వెళ్లవద్దని మనసారా కోరుతున్నాను. అలా చేరేవి చాలావరకు నకిలీ ఖాతాలు, లేదా మన వస్తువుతో ఏ సంబంధమూ లేనివారివి. ఈ సైట్లు కొత్త పోస్టును ముందు కొందరికి చూపించి, వారి స్పందనను బట్టి ఇంకొందరికి చూపిస్తాయి. స్పందించని గుంపును డబ్బిచ్చి తెచ్చుకుంటే, నిజంగా మన పని ఇష్టపడేవారికి కూడా ఆ పోస్టు చేరకుండా మనమే అడ్డుపడినట్టవుతుంది. రెండు మూడు వందల మంది నికార్సయిన అభిమానులున్న ఖాతాతో చక్కగా వ్యాపారం చేసుకుంటున్నవారు ఎంతోమంది ఉన్నారు.

ఫేస్‌బుక్ పేజీ పరిస్థితి వేరు. 2007 నవంబరులో పేజీలు మొదలైనప్పుడు, పేజీని ఇష్టపడినవారికి మన పోస్టులు సహజంగానే కనిపించేవి. క్రమంగా ఆ వ్యాప్తి తగ్గుతూ వచ్చింది. 2018 జనవరిలో స్నేహితులు, కుటుంబసభ్యుల పోస్టులకే న్యూస్‌ఫీడ్‌లో పెద్దపీట వేస్తామని మార్క్ జుకర్‌బర్గ్ స్వయంగా ప్రకటించారు. కాబట్టి ఇప్పుడు కొత్తగా పేజీ తెరిచి, రోజూ పోస్టులు పెడుతూ జనం కోసం ఎదురుచూడడం శ్రమకు తగిన ఫలితమిచ్చే పని కాదు. అలాగని పేజీ అనవసరమని నేననను. ఎవరో మన పేరు చెప్పగానే వినేవారు ఫోన్ తీసి వెతుకుతారు. అప్పుడు సరైన చిరునామా, ఫోన్ నంబరు, పనివేళలు, ఇటీవలి ఫొటోలు, కస్టమర్ల సిఫారసులు ఒకేచోట కనిపించడం ఎంతో ముఖ్యం. ఏడాది క్రితం ఆగిపోయిన పేజీ చూస్తే ఈ వ్యాపారం ఇంకా నడుస్తోందా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. నెలకు రెండు పోస్టులు, పనివేళలు మారినప్పుడు ఒక సవరణ, వచ్చిన ప్రతి సిఫారసుకూ ఒక కృతజ్ఞతా వాక్యం, ఇంత చేస్తే పేజీ తన పని తాను చేసుకుంటుంది.

ఫేస్‌బుక్‌లో నిజంగా జీవం ఉన్న చోటు గ్రూపులు. పాత పుస్తకాలు సేకరించేవారి గ్రూపులలో, చేతిరాత మీద మక్కువ ఉన్నవారి గ్రూపులలో సాగే చర్చలు చదివితే, మన వస్తువు గురించి మనకే తెలియని సంగతులు తెలుస్తాయి. ఇంకుపెన్నుతో రాసేవారికి సిరా అవతలి పక్కకు దిగని కాగితం ఎంత ముఖ్యమో మాకు అర్థమైంది అక్కడే. అయితే గ్రూపులో మెలగవలసిన తీరు వేరు. చేరిన రోజే ధరల పట్టిక అతికించేవారిని నిర్వాహకులు తీసివేస్తారు, అది న్యాయమే. పురుగు కొట్టిన పుస్తకాన్ని ఎలా కాపాడుకోవాలని ఎవరైనా అడిగినప్పుడు తెలిసినంత చెప్పడం, మన వ్యాపారం పేరు ఎత్తకపోవడం, ఇదే అక్కడ పనిచేసే పద్ధతి. ఆసక్తి ఉన్నవారు ప్రొఫైల్ తెరిచి మనల్ని వెతుక్కుంటూ వస్తారు.

ఇక డబ్బు చెల్లించి ఇచ్చే ప్రకటనలు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు వేలంపాట పద్ధతిలో నడుస్తాయి, కానీ ఎక్కువ పాట పాడినవారికే చోటు దక్కుతుందనుకోకూడదు. చూసినవారు స్పందించే అవకాశం ఎంత, ప్రకటన నాణ్యత ఎలా ఉంది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి, సరైన వారికి చూపించిన మంచి ప్రకటన తక్కువ ఖర్చుతోనే పెద్ద వ్యాపారుల ప్రకటనలను దాటిపోగలదు. ఇది చిన్నవారికి అనుకూలమైన ఏర్పాటే. ప్రతికూలమైనది ఇంకొకటుంది. కొత్త ప్రకటన నిలకడగా పనిచేయాలంటే, మనం లక్ష్యంగా పెట్టుకున్న చర్య వారంలో సుమారు 50 సార్లు జరగాలని ఈ రెండింటి మాతృసంస్థ మెటా సూచనలలో ఉంటుంది. వారానికి పదిమంది కొనే వ్యాపారం ‘కొనుగోలు’ను లక్ష్యంగా ఎంచుకుంటే ఆ సంఖ్యను ఎన్నటికీ అందుకోలేదు, ప్రకటన ఎప్పటికీ తడబడుతూనే ఉంటుంది, డబ్బు మాత్రం కరిగిపోతుంది. అందుకని చిన్న వ్యాపారులు వాట్సాప్‌కు మెసేజ్ రావడాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం మేలు, ఎందుకంటే అది కొనుగోలు కంటే తరచుగా జరుగుతుంది, పైగా మాట కలిశాక మిగిలిన పని మన చేతిలో ఉంటుంది.

డబ్బు చెల్లించి పోస్టును ఎక్కువమందికి చూపించడానికి దాని కింద కనిపించే బూస్ట్ బటన్ తేలికగా ఉంటుంది కాబట్టే అందరి వేలూ దాని మీదకు వెళుతుంది. అక్కడ దొరికే ఎంపికలు తక్కువ; కొంచెం తీరిక చేసుకుని, ప్రకటనలను వివరంగా అమర్చుకునే యాడ్స్ మేనేజర్ నేర్చుకుంటే ఎవరికి, ఎక్కడ, ఎందుకు చూపించాలో మరింత కచ్చితంగా నిర్ణయించుకోవచ్చు. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థ ఐఫోన్లలో ఏ యాప్ అయినా ఇతర యాప్‌లలో మన కదలికలను గమనించాలంటే అనుమతి అడిగితీరాలన్న నియమం తెచ్చాక ప్రకటనల గురి కొంత తప్పింది. 2022 సంవత్సరంలో తమ ఆదాయానికి సుమారు 1,000 కోట్ల డాలర్ల గండి పడవచ్చని మెటాయే అంచనా వేసిందంటే ఆ ప్రభావం ఎంతటిదో ఊహించవచ్చు. వాడుకరుల గోపనీయత దృష్ట్యా ఆ నియమం సమంజసమైనదే. ప్రకటన ఎవరిని తెచ్చిందో సైటు లెక్క చెప్పినంత మాత్రాన నమ్మకుండా, వచ్చిన ప్రతివారినీ ‘మా గురించి మీకు ఎలా తెలిసిందండీ?’ అని అడగడం అందుకే అవసరం.

మిగిలినవాటి గురించి క్లుప్తంగా చెబుతాను. యూట్యూబ్‌లో వెతుక్కుంటూ వచ్చేవారు ఎక్కువ కాబట్టి, ఏదైనా ఎలా చేయాలో నేర్పే వీడియో పెట్టగలిగినవారికి అది చాలాకాలం ఫలితమిస్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో పోస్టు ఆయుష్షు సాధారణంగా కొద్ది రోజులే. పింటరెస్ట్‌లో ప్రతి బొమ్మ వెనుకా మన సొంత వెబ్‌సైటు లింకు పెట్టుకోవచ్చు, అలంకరణ వస్తువులు, చేతిపనులు చేసేవారికి ఇది ఉపయోగం. కార్యాలయాలకు, సంస్థలకు సేవలందించేవారికి లింక్డ్‌ఇన్ తగినది. అన్నిట్లోనూ ఖాతాలు తెరిచి దేనికీ న్యాయం చేయలేకపోవడం కంటే, మాట్లాడడానికి ఒకటి, చూపించడానికి ఒకటి ఎంచుకుని వాటిని శ్రద్ధగా నడపడం మంచిది.

చివరిగా, ఈ సైట్ల మీద ఎంతవరకు ఆధారపడవచ్చన్న విషయం. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి దాదాపు ఆరు గంటలపాటు ప్రపంచమంతటా ఆగిపోయాయి. మూడూ ఒకే సంస్థవి కాబట్టి, ఒకటి ఆగితే రెండోది ఆదుకుంటుందన్న ధీమా పనికిరాదని ఆ రోజు తేలింది. శాశ్వతంగా మూతబడినవీ ఉన్నాయి: 2014లో ఆర్కుట్, 2017లో వైన్, 2019లో సాధారణ వాడుకరులకు గూగుల్ ప్లస్. అంతకంటే తరచుగా జరిగేది ఖాతా దొంగల పాలవడం. కాపీరైట్ ఉల్లంఘన వల్ల మీ పేజీని తొలగిస్తున్నామనీ, వెంటనే ఈ లింకు నొక్కమనీ భయపెడుతూ వచ్చే సందేశాలు పాస్‌వర్డ్ లాగడానికి వేసే ఎత్తుగడలు. వాట్సాప్ నమోదుకు వచ్చే ఆరంకెల కోడ్‌ను ఎంతటి ఆప్తులు అడిగినా చెప్పకూడదు. రెండంచెల ధ్రువీకరణను (లోపలికి వెళ్లడానికి అదనంగా మరో కోడ్ కూడా అడిగే ఏర్పాటును) అన్ని ఖాతాలకూ తప్పనిసరిగా పెట్టుకోవాలి. పేజీ నిర్వహణ అధికారం ఇంట్లోనో, వ్యాపారంలోనో నమ్మకమైన మరొకరికి కూడా ఇచ్చి ఉంచితే, ఒకరి ఖాతా పోయినా పేజీ చేజారదు.

మా వర్క్‌షాప్‌లో ఆర్డరు అందజేసేటప్పుడు, ఇష్టమేనా అని అడిగి, కస్టమరు పేరు, ఫోన్ నంబరు, ఈమెయిలు, చేయించుకున్న పని వివరాలు ఒక రిజిస్టరులో రాసుకుంటాం, వారానికోసారి దాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తాం. ఏ కాగితం వాడామో, ఏ రంగు అట్ట వేశామో కూడా అందులోనే ఉంటుంది. యాప్‌లు పనిచేయని రోజున ఫోన్ చేయడానికి, నంబరు మారితే తెలియజేయడానికి ఆ జాబితా అక్కరకొస్తుంది. రెండేళ్ల తరువాత అదే కస్టమరు ‘అచ్చం మునుపటిలాంటిదే ఇంకొకటి కావాలండీ’ అని వాట్సాప్‌లో అడిగినప్పుడు, ఏ కాగితం, ఏ అట్ట అని వారిని మళ్లీ అడగకుండానే పని మొదలుపెట్టగలుగుతున్నాం.